ఉల్కలు చూడ్డానికి చీకటి చోటు: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

మన వైపు ఉల్కలకు అసలైన కాలం డిసెంబరు. ఆగస్టు 12, 13 తేదీల ఉల్కాపాతం పెర్సీడ్స్‌ని చాలాసార్లు వానమబ్బులు మింగేస్తాయి. డిసెంబరు 13 రాత్రి జెమినిడ్స్‌కి ఆ బెడద తక్కువ. అర్ధరాత్రి దాటి రెండింటికి, ఆ ఉల్కలు వచ్చినట్టు కనిపించే మిథున రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. 2026లో అమావాస్య డిసెంబరు 9న కాబట్టి, ఆ రాత్రి నెలవంక పదింటికల్లా అస్తమిస్తుంది. చోటు ఒక్కటి సరిగ్గా కుదరాలి.

మ్యాప్‌లో నల్లగా ఉంది, వెళ్తే ఆకాశం బూడిదరంగులో ఉంది

రాత్రి వెలుగు ఎక్కడెంత ఉందో చూపే ఈ మ్యాపులు చాలావరకు విఐఐఆర్‌ఎస్ అనే ఉపగ్రహ పరికరం డేటాతో తయారవుతాయి. దానికి నీలి కాంతి సరిగ్గా అందదు. తెల్ల ఎల్‌ఈడీల్లో అది దండిగా ఉంటుంది, గాలిలో ఎక్కువగా చెదిరేదీ అదే. అందుకే పసుపు వెలుగిచ్చే సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు వేసిన ఊరు మ్యాప్‌లో చీకటి పెరిగినట్టు కనిపిస్తుంది.

మ్యాప్‌ని దిక్కు చూసుకునేంత వరకే నమ్మండి. నవంబరులో చంద్రుడు లేని రాత్రి వెళ్లి గంటసేపు కూర్చోండి. కృత్తికల్లో ఆరు చుక్కలు విడివిడిగా లెక్కకొచ్చి, ఓరియన్‌కీ మిథునానికీ మధ్య పాలపుంత పలచగానైనా తెలిస్తే ఆ చోటు పనికొస్తుంది. పెద్ద ఊరి వెలుగు మీ వీపు వైపు ఉండాలి.

అడవిలో మంచి చీకటి, కానీ ఆగనివ్వరు

నల్లమల సంగతే చూడండి. హైదరాబాద్-శ్రీశైలం దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు బంద్. పులులున్న అడవికి అది అవసరమే. అడవికి ఇవతలి మెట్ట పొలాల్లో వెతకండి.

పొలమంటే రైతును అడిగే వెళ్లాలి. ఇది మర్యాద కోసమే కాదు, ప్రాణం కోసం. అడవి పందులు రాకుండా కొందరు చేను చుట్టూ తీగ కట్టి కరెంటు వదులుతారు. అది నేరం, అయినా చేస్తున్నారు, మనుషులు చనిపోతున్నారు. వెలుతురుండగానే వెళ్లి, రైతును వెంటబెట్టుకుని గట్లన్నీ చూసుకోండి. "అన్నా, పక్క చేన్లో ఎవరైనా తీగ వేశారా?" అని నోరు తెరిచి అడగండి. చీకటి పడ్డాక ఆయన చూపించిన హద్దు దాటొద్దు.

తెల్లవారుజామున చుక్కలు మసకబారుతున్నాయి

మబ్బు లేకపోతే అది పొగమంచే. చల్లగాలి పల్లానికి దిగుతుంది, చెరువు కట్ట, వరి మడి పక్కన తేమ ఎలాగూ ఉంటుంది. మాగాణి వదిలి మెట్టకు, వీలైతే కాస్త ఎత్తుకు మారండి. నేల మీద దుప్పటి కన్నా మడత మంచం మేలు.

చీకటుంది, ఉల్కలే కనబడ్డం లేదు

ఫోన్ చూస్తున్నారేమో. కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి 20-30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి స్క్రీన్ చూస్తే ఆ అలవాటు పోతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, కారు లోపలి లైటు ముందే ఆపేయండి.

నిరుడు బాగున్న చోట ఈసారి దీపం వెలిగింది

అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీనే (చుక్కల్ని పరిశీలించే కేంద్రం) హైదరాబాద్ వెలుగు వదల్లేదు. మన పొలం గట్టును ఎవరో వచ్చి కాపాడరు, మనమే చూసుకోవాలి.

దీపం నుంచి రెండొందల అడుగులు దూరం వెళ్లి చూడండి. తెల్లటి పలక నేరుగా కళ్లలో కొడుతుంటే దాన్ని పైకి వంచి బిగించారన్నమాట. దారి మీద పడాల్సిన వెలుగు పక్కలకు పోతోంది. పంచాయతీ కార్యదర్శికి అదే చూపించి, దీపం ముఖం నేలకు తిప్పమనండి, కుదిరితే పైన రేకు మూత పెట్టించమనండి. తీసేయమని మాత్రం అడగొద్దు, ఊరి ఆడవాళ్లు ఆ దారినే నడుస్తారు. మోటారు షెడ్డు బల్బయితే రైతే ఆ ఒక్క రాత్రికి ఆపుతాడు, వారం ముందు ఫోన్ చేసి తారీఖు చెప్పాలి. కారు అర్ధరాత్రి ఎందుకు ఆగి ఉందో సర్పంచ్‌కి, స్టేషన్‌కి కూడా ఆ రోజు సాయంత్రమే చెప్పేయండి.

పదిహేను మందిని వెంటేసుకుని పోతే మరుసటి ఏడు ఆ గట్టు దొరకదు. ఒక కారులో పట్టేంత మందే వెళ్లండి, చెత్త మీరే ఎత్తుకెళ్లండి. వేరే దిక్కున రెండో చోటు ఒకటి నవంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.