పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు మాటా బొమ్మా కలవకపోతే

కంప్యూటర్‌లోకి ఎక్కించిన పెళ్లి క్యాసెట్‌లో పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదరకపోతే, దేన్నీ సవరించకముందే ఒక విషయం తేల్చుకోవాలి. ఆ తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా? ఇందుకు కొబ్బరికాయ కొట్టిన చోటు, డోలు మీద కర్ర పడిన చోటు బాగా పనికొస్తాయి. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఎంచుకుని, ఒక్కొక్క ఫ్రేమ్‌గా (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మగా) జరుపుతూ, కర్ర తోలును తాకిన ఫ్రేమ్‌కూ ఆడియో ట్రాక్‌లో తరంగం ఎగసిన చోటుకూ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో రాసుకోండి. మన దేశంలో వాడిన పాల్ అనే వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి, ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. రెండు చోట్లా తేడా ఒకటే అయితే ఆడియోను అంత మేర జరిపితే చాలు.

పెరుగుతుంటే మాత్రం, క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ చూపే డ్రాప్డ్ ఫ్రేముల (రాసుకోకుండా జారిపోయిన ఫ్రేముల) సంఖ్య చూడండి. అది సున్నా కాకపోతే బొమ్మ అక్కడక్కడ ఎగిరిపోయి, శబ్దం కంటే ముందుకు వెళ్లిపోతుంది. 25 ఫ్రేములు పోతే సెకను తేడా వచ్చినట్టే. మినీ డీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్) వీడియో గంటకు సుమారు 13 జీబీ ఉంటుంది కనుక, ఆగకుండా రాసుకోగల లోపలి డిస్క్‌లోకే తీసుకుని, ఆ సమయంలో యాంటీవైరస్ స్కాన్ నడవకుండా చూడండి. ఈ తేడా సమానంగా కాక మెట్లు మెట్లుగా పెరుగుతుంది కాబట్టి, ఎడిటింగ్‌లో తంటాలు పడటం కన్నా మళ్లీ క్యాప్చర్ చేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. మినీ డీవీ కెమెరాను కలిపే ఫైర్‌వైర్ పోర్టు ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఉండదు. డెస్క్‌టాప్‌లో పెట్టే ఫైర్‌వైర్ కార్డు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో అడిగి చూడాలి.

ఫ్రేములేవీ పోకపోయినా తేడా సమానంగా పెరుగుతుంటే, ముఖ్యంగా వీహెచ్‌ఎస్ (పాత పెద్ద వీడియో క్యాసెట్ల) విషయంలో, వైర్లు చూడండి. బొమ్మ యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం గుండా, శబ్దం కంప్యూటర్ మైక్ పోర్టు గుండా వస్తుంటే రెండింటి లోపలి గడియారాలూ వేరు కనుక వేగంలో కాస్త తేడా వస్తుంది. శబ్దాన్ని మోసే ఎరుపు, తెలుపు పిన్నులు కూడా ఆ పరికరానికే పెట్టండి. క్యాప్చర్ ఇప్పటికే అయిపోయి, మొదట్లో కలిసిన శబ్దం గంట చివర 2 సెకన్లు ఆలస్యమైతే, 3602 సెకన్ల ఆడియోను పిచ్ (శృతి) మారకుండా 3600కు కుదించండి.

మినీ డీవీ కెమెరాలలో శబ్దాన్ని రికార్డు చేయడానికి 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ పద్ధతితో పాటు 12 బిట్, 32 కిలోహెర్ట్జ్ పద్ధతి కూడా ఉండేది. ఒకే క్యాసెట్‌లో రెండూ ఉంటే, మారిన చోట ఆపి కొత్త ఫైలుగా క్యాప్చర్ చేయాలి.

సవరించాక నడుమ, జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం అందుకున్న చోట ఒకసారి సరిచూడండి. మొదలూ చివరా కలిసి అక్కడ తప్పితే, ఆ క్యాప్చర్‌లో ఫ్రేములు పోయాయనే అనుమానించి క్యాసెట్‌ను మళ్లీ పెట్టాలి.