బొమ్మలు చాలనప్పుడు
పర్లాకిమిడిలో మా ఇంట ఆదివారాలు ఆడుకునే హీరోక్వెస్ట్ అనే సాహసాల బల్ల ఆట 1989 నాటి పెట్టెలో రాక్షసుల బొమ్మలుగా ఓర్క్‌లు 8, గాబ్లిన్‌లు 6 ఉన్నా మమ్మీలు 2 మాత్రమే ఉన్నందున, మేము సొంతంగా రాసుకున్న సాహసాలలో మూడో మమ్మీ కావలసి వస్తే బల్ల మీద బొమ్మ ఉండదు. అప్పుడు మిగిలిపోయిన ఓర్క్‌ను నిలబెడితే రక్షణ పాచికల లెక్క ఆటగాళ్ల మనసులో తారుమారవుతుంది. దానికంటే ఒక గడిలో పట్టే మన ఊరి కొమ్ముతో చేసిన చిన్న బొమ్మను ముందే అందరికీ చూపించి, ఆట ముగిసేవరకు అది మమ్మీయేనని ఒప్పుకోవడం ఎంతో మేలు. గవ్వలూ పనికొస్తాయి గానీ చేయి తగిలితే జారిపోతాయి. గ్లూమ్‌హేవెన్ అనే మరో బల్ల ఆటలో మాత్రం దయచేసి ఇలా చేయకండి: అక్కడ ఒక జాతి రాక్షసుల అట్టబొమ్మలు అయిపోతే ఆ జాతిలో కొత్తవి రాకపోవడమే నియమం.