"అర్థమైంది టీచర్" అనే మాట నిజమో కాదో తేల్చుకోవడం ఎలా

ఏడో తరగతికి దశాంశాలు చెప్పడం అయిపోయింది, హోంవర్కు పుస్తకాల నిండా టిక్కులే, నాకూ హాయిగా ఉంది. ఒక నెల తర్వాత వేరే ఏదో చెప్తూ బోర్డు మీద 0.35, 0.8 రాసి ఏది పెద్దదిరా అన్నాను. సగం క్లాసు పైనే ఒకే గొంతుతో పాయింట్ ముప్పై అయిదు అంది. ఎందుకురా అంటే "ముప్పై అయిదు ఎనిమిది కన్నా పెద్దదే కదా టీచర్" అన్నాడు మొదటి బెంచీ వాడు, నన్ను చూసి జాలిపడుతున్నట్టు. మరి నెల క్రితం ఆ టిక్కులన్నీ ఏంటి?

గుంటూరు పక్కన హైస్కూల్లో లెక్కలు చెప్తాను నేను. మా మరిది విజయవాడలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. పండక్కి కలిసినప్పుడల్లా మా ఇద్దరి గోల ఇదే, పిల్లలకి నిజంగా వస్తోందా లేక మనం వస్తోందని అనుకుంటున్నామా అని. అందుకే క్లాసులోనే చిన్న రీసెర్చ్ చేసుకోవడం నేర్చుకున్నాం. దీన్ని యాక్షన్ రీసెర్చ్ అంటారు, 1940ల్లో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పేరు. బి.ఎడ్‌లో అందరం చేశాం కదా అంటారేమో, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని దించేసినవాళ్ళలో నేనూ ఉన్నానండి, అది లెక్కలోకి రాదు.

ముందు ప్రశ్న చిన్నది చేసుకోండి. "యాక్టివిటీలతో చెప్తే పిల్లలు బాగుపడతారా" లాంటి ప్రశ్నతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. నా ప్రశ్న ఇది: దశాంశాలు పోల్చే పాఠంలో, రోజూ పీరియడ్ మొదట్లో 5 నిమిషాలు పుస్తకం మూయించి పాత పాఠం మీద మూడు ప్రశ్నలకి పలక మీద జవాబు రాయిస్తే, మూడు వారాల తర్వాత పిల్లలకి ఎక్కువ గుర్తుంటుందా? అంతే. ఒక పాఠం, ఒక మార్పు, ఒక గడువు. రెండు మార్పులు ఒకేసారి చేశారంటే దేనివల్ల ఏమైందో మీకే తెలీదు.

పలక ఐడియా నా సొంతం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొంతమందికి ఒక పేరా ఇచ్చి రెండుసార్లు చదవమన్నారు, మిగతావాళ్ళని ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందు, 81 శాతం, రాసినవాళ్ళకి 75. అదే వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివినవాళ్ళు 42కి పడిపోయారు, రాసినవాళ్ళు 56 దగ్గర నిలబడ్డారు. ఇది చదివాక నా టిక్కుల సంగతి అర్థమైంది, నేను చూసుకుని మురిసిపోయింది 5 నిమిషాల లెక్క. మన విజయవాడలో వీకెండ్ టెస్టులకేం కరువు లేదు, కాకపోతే అవన్నీ ర్యాంకు కోసం పెడతారు, ఇక్కడ చెప్పేది మార్కుల్లేని, రిజిస్టర్లో ఎక్కని, తప్పు రాస్తే తుడిచేసుకునే టెస్టు.

ఇక అసలు పని ప్రశ్నపత్రం. ఇక్కడ తొందరపడొద్దు, నాకైతే మొత్తం ప్రాజెక్టులో సగం టైమ్ దీనికే పోయింది. పాఠం చెప్పకముందే ఒక టెస్టు పెట్టాలి, దాన్ని ప్రీటెస్ట్ అంటారు, ఎనిమిది పది ప్రశ్నలు చాలు. కానీ అవి పాఠం వెనకాల అభ్యాసం నుంచి దించేవి అయితే పనికిరావు, పిల్లల తప్పుల్లోంచి పుట్టాలి. ఉదాహరణకి 0.35, 0.8 ప్రశ్ననే తీసుకోండి, 0.8 అని సరైన జవాబు ఇచ్చినవాడికి వచ్చేసినట్టేనా? కాదు. కొంతమంది పిల్లలు అటునుంచి ఇంకో తప్పు చేస్తారు, పాయింట్ తర్వాత అంకెలు ఎన్ని తక్కువుంటే అంత పెద్ద సంఖ్య అనుకుంటారు, పదో వంతు వందో వంతు కన్నా పెద్దది అని మనమే చెప్పాం కదా, దాన్ని అలా పట్టుకుంటారు. వాడికి మొదటి ప్రశ్న కరెక్ట్ అయిపోతుంది, కారణం మాత్రం తప్పు. వాడు దొరకాలంటే 0.4, 0.75 ఇవ్వాలి, వెంటనే 0.4 పెద్దది అంటాడు. రెండు ప్రశ్నలూ కలిపి చూస్తేనే ఏ పిల్లాడు ఏ గొడవలో ఉన్నాడో బయటపడుతుంది. ఇంకా నేను పెట్టినవి 0.4, 0.40 సమానమా కాదా, 3.05 పెద్దదా 3.5 పెద్దదా, 0.6కి 0.7కి మధ్య సంఖ్యలేమైనా ఉన్నాయా (ఏమీ లేవు టీచర్ అని రాసినవాళ్ళే ఎక్కువ). పక్కన "ఎందుకు?" అని ఒక గీత ఖాళీ వదలండి, ఆ గీతలో రాసేది మార్కు కన్నా విలువైంది.

ఫిజిక్స్ వాళ్ళు ఈ పని ఎప్పుడో చేసేశారు. బలం, చలనం మీద పిల్లలకుండే తప్పు ఆలోచనల్నే ఆప్షన్లుగా పెట్టి 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని ఒక టెస్టు తయారు చేశారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ తన క్లాసు సూపర్ అనుకునేవాడు, స్టూడెంట్లు కూడా మంచి రేటింగులే ఇచ్చేవాళ్ళు, తీరా ఇలాంటి ప్రశ్నలు ఇస్తే ఒకమ్మాయి లేచి, వీటికి మీరు చెప్పినట్టు రాయాలా లేక నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. దాంతో ఆయన పద్ధతే మార్చుకున్నాడు. ప్రశ్న వేస్తాడు, ఎవరికి వాళ్ళు జవాబు చెప్తారు, తర్వాత పక్కవాడితో వాదించుకోమంటాడు, మళ్ళీ జవాబు అడుగుతాడు. మా మరిది ఇదే పట్టుకున్నాడు, జవాబు నొక్కే మిషన్లేం లేకుండా ఏ బి సి డి అని రాసిన అట్టముక్కలతో. అందరికీ వచ్చిన ప్రశ్నకి వాదన పుట్టదు, ఎవరికీ రాని ప్రశ్నకీ పుట్టదు, క్లాసులో సగం అటూ సగం ఇటూ అయితేనే మజా.

ఇప్పుడు నేను బొక్కబోర్లా పడ్డ చోటుకి వద్దాం. మొదటిసారి ఏ సెక్షన్‌కి పలకలతో, బి సెక్షన్‌కి మామూలుగా చెప్పాను, ఏ సెక్షన్ చితక్కొట్టింది, ఎగిరి గంతేసి మరిదికి ఫోన్ చేశా. వాడు మొత్తం విని "వదినా, ఏ సెక్షన్‌కి పీరియడ్ ఎప్పుడు?" అన్నాడు. పొద్దున రెండోది. "బికి?" మధ్యాహ్నం భోజనం అయ్యాక. "సెక్షన్లు ఎలా విడగొట్టారు?" పోయినేడు మార్కుల్ని బట్టి. ఇంకేం మాట్లాడలేదు వాడు, నాకే సిగ్గేసింది. దానికి తోడు ఏ సెక్షన్‌కి పొద్దున పెట్టిన పేపరే బికి మధ్యాహ్నం పెట్టా, ఈలోపు లంచ్‌లో ప్రశ్నలన్నీ అటు నుంచి ఇటు చేరిపోయాయి.

కాబట్టి పోల్చేటప్పుడు ఇలా చేయండి. ప్రభుత్వాలూ యూనివర్సిటీలూ చేసే పెద్ద రీసెర్చ్‌లో అయితే ఏ స్కూల్‌కి ఏ పద్ధతో లాటరీ తీస్తారు. మనకి అంత వీలు ఉండదు, సెక్షన్లు మార్చే పవర్ మన చేతిలో లేదు. అందుకని ఒక చిట్కా, తిరగేయడం. దశాంశాలకి ఏ సెక్షన్‌కి పలకలు, బికి మామూలు. తర్వాతి పాఠం భిన్నాలకి బికి పలకలు, ఏకి మామూలు. రెండుసార్లూ పలకలున్న సెక్షన్ తన మామూలు కన్నా పైకి వస్తే అప్పుడు కాస్త నమ్మొచ్చు. ఇందులో ఇంకో మంచి ఏంటంటే ఏ సెక్షనూ నష్టపోదు, పేరెంట్స్ వచ్చి మా వాడికెందుకు చెప్పలేదు అని నిలదీసే పని ఉండదు. టైమ్ కూడా సమానంగా చూసుకోండి, ఒకరికి 40 నిమిషాలు ఇంకొకరికి 45 అయితే మీరు కొలిచింది ఆ అయిదు నిమిషాల్నే. టెస్టు రెండు సెక్షన్లకీ ఒకే పీరియడ్‌లో పెట్టించండి, పక్క టీచర్‌ని కాస్త బతిమాలుకుని.

తర్వాత టెస్టు రెండుసార్లు. పాఠం అయిన వారంలో ఒకటి, మూడు వారాలకి ముందు చెప్పకుండా ఇంకొకటి. అంకెలు మార్చండి, ప్రశ్న లోపలి గొడవ మాత్రం మార్చొద్దు, 0.35, 0.8 బదులు 0.27, 0.6 అన్నట్టు. నిజం చెప్పేది రెండోదే. కొత్తది ఏది తెచ్చినా మొదట్లో పిల్లలు ఊగిపోతారు, పలక పట్టుకోవడమే వాళ్ళకి పండగ, ఆ ఊపు తగ్గాక ఏం మిగిలిందో చూడాలి.

లెక్క చూద్దాం, భయపడకండి. మార్కులు ఎంత పెరిగాయి అని మాత్రమే చూస్తే ముందే ఎక్కువ వచ్చినవాళ్ళకి అన్యాయం, వాళ్ళకి పెరగడానికి చోటే తక్కువ. అందుకే పెరిగినదాన్ని, పెరగడానికి మిగిలిన చోటుతో భాగిస్తారు. ఒక సెక్షన్ సగటు ముందు 30 శాతం, తర్వాత 65 అనుకోండి, పెరిగింది 35, పెరగడానికి ఉన్నది 70, అంటే 0.5. ఇంకో సెక్షన్ 60 నుంచి 80కి వచ్చింది, 20ని 40తో భాగిస్తే అదీ 0.5. పైకి 35, 20 చూస్తే ఎంత తేడా అనిపిస్తుంది, నిజానికి ఇద్దరూ సమానంగా కదిలారు. 1998లో రిచర్డ్ హేక్ అనే ఆయన 6,000 మందికి పైగా ఫిజిక్స్ స్టూడెంట్ల మార్కులు ఇలాగే లెక్కేస్తే ఉత్త లెక్చర్ క్లాసుల సగటు 0.23, పిల్లలతో పని చేయించే క్లాసులది 0.48 వచ్చింది. మొత్తం సగటుతో ఆగకండి, ఒక్కో ప్రశ్నకి ఎంతమంది మారారో కూడా షీట్‌లో వేసుకోండి, నాకు 0.4, 0.40 ప్రశ్న చివరిదాకా మొండికేసింది, అది పలకల వల్ల అయ్యే పని కాదు, చెప్పే తీరే మార్చాలని అక్కడ తెలిసింది. ఎం.ఎడ్, పీహెచ్‌డీ వాళ్ళకి వచ్చిన తేడా గాలివాటమా కాదా అని చూసే టి-టెస్టులవీ కావాలి, గైడ్ చెప్తారు.

ఒక జాగ్రత్త, ప్రీటెస్ట్‌లో అందరికన్నా తక్కువ వచ్చిన పదిమందిని ఏరి వాళ్ళకి మాత్రమే స్పెషల్ క్లాస్ తీసుకుని, చూశారా పెరిగారు అనకండి. ఆ రోజు జ్వరమొచ్చి రాసినవాడు, పెన్సిల్ కోసం వెతుక్కుంటూ సగం టైమ్ పోగొట్టుకున్నవాడు కూడా ఆ పదిమందిలో ఉంటారు, రెండోసారి ఏమీ చేయకపోయినా కాస్త పెరుగుతారు.

మార్కులతో పాటు ముగ్గురు నలుగురు పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. అర్థమైందా అని అడగొద్దు, ఎలా చేశావో చెప్పరా అనండి. నాకు తెలిసిన పెద్ద సంగతి అక్కడే తెలిసింది, పిల్లలు 0.35ని పాయింట్ ముప్పై అయిదు అని చదువుతున్నంతసేపూ వాళ్ళ బుర్రలో ముప్పై అయిదే తిరుగుతోంది, అలా చదవడం నేర్పింది నేనే. పాయింట్ మూడు అయిదు అని చదివించడం నా తర్వాతి ప్రాజెక్టు అయింది.

పిల్లలకి నచ్చిందా అన్నదాన్ని మాత్రం రుజువుగా పెట్టుకోకండి. 2019లో హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ క్లాసుల్లో చూశారు, వాళ్ళచేత పని చేయించిన క్లాసులో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ అడిగితే చక్కటి లెక్చర్ విన్నప్పుడే ఎక్కువ వచ్చినట్టుంది అన్నారు. మా మరిది ఫీడ్‌బ్యాక్ ఫారాల్లోనూ "సార్ చెప్పట్లేదు, మాతోనే చెప్పిస్తున్నారు" అని రాస్తారు, వాడు దాన్ని కాంప్లిమెంట్‌గా తీసుకుంటాడు. డిగ్రీ వాళ్ళతో పట్టు వదలకపోవడానికి కారణం ఉంది, 2014లో సైన్స్, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద 225 స్టడీలు కలిపి చూస్తే ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యేవాళ్ళు సగటున 34 శాతం దాకా, పని చేయించే క్లాసుల్లో 22 శాతం.

మొదలుపెట్టేముందు హెచ్‌ఎం గారికి ఒక కాగితం ఇవ్వండి. షీట్‌లో పేర్లు రాయొద్దు, కోడ్ నంబర్లు చాలు. ఎక్కడైనా అచ్చు వేయించే ఉద్దేశం ఉంటే పేరెంట్స్ సంతకం తీసుకోండి, కాలేజీ వాళ్ళయితే ఎథిక్స్ కమిటీని ముందే అడగండి, అంతా అయ్యాక అడిగితే ఒప్పుకోరు.

తేడా ఏమీ రాకపోతే? అదీ రాసిపెట్టండి, దాచకండి. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005 ప్రాంతంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పల్లెటూరి ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళ మీద పెద్ద స్టడీ చేశారు. అందులో 100 స్కూళ్ళ టీచర్లకి, మీ పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టులు ఇచ్చారు. ఏడాది చివర చూస్తే ఆ స్కూళ్ళ పిల్లల మార్కులకీ మిగతావాళ్ళకీ తేడా లేదు. అది అచ్చు వేయబట్టే కదా రిపోర్టు చేతికిచ్చినంత మాత్రాన పని జరగదని మనకి తెలిసింది.

పలకలు ఎక్కడ అంటారా, రాతి పలకలు వద్దు, పగిలితే గోల, సుద్దపొడికి నాకు తుమ్ములు కూడా. ఏ4 తెల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బోర్డు మార్కర్‌తో రాయిస్తే చాలు, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో కవర్లు కట్టలుగా తెచ్చుకోండి. తుడవడానికి పాత బనియన్ ముక్కలు ఇంటి నుంచి తెమ్మనండి. మార్కర్లు మాత్రం పీరియడ్ అయ్యాక లెక్కపెట్టి తీసుకోండి, మాకు మొదటి వారంలోనే ఆరు మాయం.