సంక్రాంతిలోపే వీధి పిల్లులకు ఆపరేషన్లు: బోను పెట్టేముందు, వెనక్కి తెచ్చాక

పగటిపొద్దు పెరగడం మొదలైతే ఆడపిల్లులు ఎదకొస్తాయి. మన దగ్గర మాఘం వచ్చేసరికి పిట్టగోడల మీద గండుపిల్లుల పోట్లాటలు రాత్రంతా వినిపిస్తుంటాయి. చూలు నిలిచాక సుమారు 63 రోజులకు, అంటే ఉగాది అటూ ఇటుగా, మెట్ల కిందో జనరేటర్ గదిలోనో మూడు నుంచి ఐదు కూనలు. అవి సరిగ్గా నడక నేర్చేవేళకు ఎండలు ముదురుతాయి. తల్లి ఇంకా పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టగలదు. నాలుగైదు నెలల ఆడకూన కూడా ఎదకు రాగలదు. అందుకే కాలనీ పిల్లులకు ఇక కూనలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలనుకునేవాళ్లు డిసెంబరు, జనవరి నెలలు చేజార్చుకోకూడదు.

కోసి కుట్లు వేసేది డాక్టరు. మన చేతుల్లో పని చెడేది ముందు రాత్రీ, తర్వాతి రెండు మూడు రోజులూ.

మొదట లెక్క తేల్చండి. వారం రోజులు ఒకే వేళకు, ఒకే చోట తిండి పెడితే ఎన్ని ఉన్నాయో, ఏవి ఆడవో తెలిసిపోతుంది. మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. డబ్బులు నాలుగింటికే ఉంటే ఆ నాలుగూ ఆడవాటికే పెట్టండి. ఒక్క గండుపిల్లి మిగిలినా వీధి మొత్తానికి సరిపోతుంది కాబట్టి మగవాటితో మొదలెట్టడం డబ్బు దండగ. రోజూ పెరుగన్నం, చేపముళ్లు పెడుతూ ఆపరేషన్ మాటెత్తని వాళ్లది దయే, కాదనను. కానీ వచ్చే ఏడాది కూనల సంఖ్య పెంచుతున్నదీ వాళ్లే.

అసోసియేషన్ మీటింగులో ‘పట్టుకెళ్లి ఊరవతల వదిలేద్దాం’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. తిండీ నీడా ఉన్న చోటు ఖాళీ అయితే పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. తిండీ నీళ్లూ దొరకక అల్లాడే చోట జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లికి ముందు రాత్రి నుంచి తిండి ఆపమంటారు. చిన్న కూనలను అంతసేపు పస్తుంచకూడదు, ఎన్ని గంటలో డాక్టరునే అడగండి. నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచాలి. చిక్కల్లా ఎక్కడంటే, మీరు ఆపినా నాలుగో అంతస్తు పిన్నిగారు పది గంటలకు పాలగిన్నె పట్టుకుని దిగుతారు. ఆవిడకూ వాచ్‌మన్‌కూ ముందే చెప్పుకోవాలి.

బోనులో ఎరగా పాలు పెద్దగా పనిచేయవు. గుప్పెడు ఎండు నెత్తళ్లు పెట్టండి, వాసన దూరం పోతుంది. బోను అడుగున మడిచిన న్యూస్‌పేపరు పరవండి. తలుపు పడ్డాక పిల్లి ఎగిరెగిరి మూతి చీరుకుంటుంది, అందుకని చేతిలో సిద్ధంగా ఉంచుకున్న పాత దుప్పటి వెంటనే మొత్తం కప్పేయండి. చీకటి పడితే చాలావరకు సద్దుమణుగుతుంది. బోను పెట్టి ఇంట్లోకెళ్లి పడుకోవద్దు. గోనెసంచిలో పట్టడం అసలే వద్దు, ఊపిరాడదు. ఎంత మచ్చికైన పిల్లయినా ఆ పూట చేత్తో పట్టకండి.

పడింది ఆడదైతే దుప్పటి కొంచెం తొలగించి పొట్ట చూడండి. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు రాలి ఉంటే ఎక్కడో కూనలున్నాయి. అవి ఐదారు వారాల లోపువైతే తల్లిని వదిలేసి మరోసారి పట్టడమే మంచిది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, కూనలు ఒంటరిగా కనబడగానే అనాథలనుకుని ఇంటికి తెచ్చేయకండి. దూరం నుంచి కొన్ని గంటలు గమనించండి. ఒళ్లు చల్లబడినా, చీమలు పట్టినా మాత్రం ఆగొద్దు. భోగి మంటకని పోగేసిన పాత కట్టెలు, విరిగిన కుర్చీల మధ్య కూడా కూనలు దాక్కుంటాయి. ఆ కుప్పను తెల్లవారుజామున అంటించేముందు ఒకసారి కదిపి, టార్చి వేసి చూడండి.

డాక్టరుతో ముందే మాట్లాడుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వీధి పిల్లికి ఐదు రోజులు మాత్రలు మింగించలేం, కుట్లు విప్పడానికి మళ్లీ పట్టనూ లేం. కాబట్టి వాటంతటవే కరిగే కుట్లు వేయమని, ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్, నొప్పి ఇంజెక్షన్లు అక్కడే ఇవ్వమని అడగండి. రేబిస్ టీకా కూడా ఆ మత్తులోనే వేయించేయండి. ఆపరేషన్ అయిందనే గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరించమనండి. నొప్పికని మన పారాసిటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి, ఒక్క మాత్రతోనే పిల్లి చచ్చిపోవచ్చు. కుక్కల పేల మందు పూయడమూ అంతే. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లి ప్రాణం మీదకొస్తుంది.

మత్తులో ఒంటి వేడి పడిపోతుంది, పైగా జనవరి రాత్రులు. బోనును చల్లటి గచ్చు మీద పెట్టకుండా అట్టపెట్టె, దాని మీద పాత చీర వేసి, గాలి కొట్టని గదిలో ఉంచండి. పూర్తిగా తెలివొచ్చి తల నిలబెట్టాకే నీళ్లు, ఆ తర్వాత కొంచెం తిండి. మగదాన్ని ఒక రోజు, ఆడదాన్ని రెండు మూడు రోజులు ఉంచుకోవాలి. కుట్ల దగ్గర రక్తం కారుతున్నా, వాపు పెరుగుతున్నా, మర్నాటికీ తిండి ముట్టకపోయినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

కరిచినా గీరినా ట్యాప్ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, కాఫీపొడి, సున్నం పెట్టొద్దు. చర్మం పొరలోకి వేసే రేబిస్ టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఒక్కటీ మానొద్దు. పిల్లి పంటి గాటు పైకి చిన్నదే గానీ లోపల చీము పట్టి చెయ్యి వాచిపోతుంది, డాక్టరుకు చూపించండి. తరచూ పిల్లులను పట్టేవాళ్లు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవడం మేలు. గర్భిణులు పిల్లుల మలం ఎత్తే పనికి దూరంగా ఉండాలి.

వదిలేటప్పుడు పట్టిన చోటే, పొద్దున్నే, బోను తలుపు రోడ్డు వైపు కాకుండా పెట్టి వదలండి. ఆపరేషన్ తర్వాత కూడా మగపిల్లి కొన్ని వారాలు చూలు కట్టించగలదు, అది చూసి ఆపరేషన్ ఫెయిలైందని డాక్టరు మీదకు వెళ్లకండి. కత్తిరించిన చెవి కనబడేలా ఒక్కోదాన్ని ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టండి. అదే పిల్లి రెండోసారి బోనులో పడితే అక్కడికక్కడే తలుపు తీసేయొచ్చు.