సి భాషలో తేదీని సెకన్లుగా మార్చడం: ఏ యంత్రం మీదైనా ఒకే జవాబు రావాలంటే

హైదరాబాద్‌లోని కంప్యూటర్‌లో సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్‌ను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉండే సర్వర్‌లోకి ఎక్కించగానే సమయాలన్నీ అయిదున్నర గంటలు జరిగిపోతే, తేదీని 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి లెక్కించే సెకన్లుగా మార్చే ఎంకేటైమ్ (mktime) ఫంక్షన్‌ను ముందుగా అనుమానించాలి. మనం ఇచ్చిన సంవత్సరం, నెల, రోజు, గంటలను అది ఆ యంత్రపు స్థానిక కాలంగానే తీసుకుంటుంది. యూటీసీ తేదీలకు టైమ్‌జీఎమ్ (timegm) ఫంక్షన్ ఉన్నప్పటికీ, అది సి ప్రమాణంలోకి దాని కొత్త కూర్పు సి23తోనే వచ్చింది. విండోస్‌లో ఆ పని చేసే ఫంక్షన్ పేరు వేరు. యంత్రపు కాలమండలాన్ని చెప్పే టీజడ్ (TZ) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను కాసేపు మార్చి, ఎంకేటైమ్‌ను పిలిచి, పాత విలువను తిరిగి పెట్టే ఉపాయం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ వేరియబుల్ ప్రాసెస్ మొత్తానికీ ఒక్కటే కాబట్టి, అదే క్షణంలో మరో థ్రెడ్ స్థానిక కాలం అడిగితే దానికి తప్పు జవాబు అందవచ్చు. ఈ ఉపాయాన్ని దయచేసి వాడకండి. రోజులను మనమే లెక్కించుకోవడం కొద్ది పంక్తుల పని.

లెక్క కోసం సంవత్సరాన్ని మార్చి 1తో మొదలుపెట్టాలి. అప్పుడు ఫిబ్రవరి 29 ఏడాది చివరికి పోతుంది గనుక, లీపు వచ్చినా రాకపోయినా మిగతా నెలల స్థానాలు కదలవు. మార్చిని 0గా, ఫిబ్రవరిని 11గా లెక్కపెట్టి, జనవరి, ఫిబ్రవరి తేదీలకు సంవత్సరంలోంచి ఒకటి తగ్గించండి. నెల సంఖ్యను 153తో గుణించి, 2 కలిపి, 5తో భాగిస్తే వచ్చే పూర్ణాంకమే ఆ నెలకు ముందు గడిచిన రోజుల సంఖ్య. మార్చి నుంచి జులై వరకు 153 రోజులు, ఆగస్టు నుంచి డిసెంబర్ వరకు కూడా 153 రోజులే కావడం ఈ సూత్రానికి ఆధారం. దీనికి తేదీలోంచి ఒకటి తగ్గించి కలపండి.

గ్రెగోరియన్ క్యాలెండర్ ప్రతి 400 ఏళ్లకు, అంటే 146097 రోజులకు, మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల సంవత్సరాన్ని 400తో భాగించి, భాగఫలాన్ని 146097తో గుణించాలి. శేషాన్ని 365తో గుణించి, శేషంలో నాలుగో వంతును కలిపి, నూరో వంతును తీసివేయాలి (రెండు వంతుల్లోనూ పూర్ణాంక భాగమే). అన్నీ కూడి 719468 తీసివేస్తే 1970 జనవరి 1 నుంచి రోజుల లెక్క వస్తుంది. 1947 ఆగస్టు 15కు భాగఫలం 4, శేషం 347, ఏడాదిలో గడిచిన రోజులు 167, జవాబు −8175. దీనిని రోజుకు ఉండే సెకన్లు 86400తో గుణించేటప్పుడు 64 బిట్ల సంఖ్యనే వాడండి, ఎందుకంటే 32 బిట్ల లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది.

తిరుగు మార్పిడిలో రుణ సంఖ్యల దగ్గర జాగ్రత్త అవసరం. −1ని 86400తో భాగిస్తే సి భాష 0 ఇస్తుంది, కానీ ఆ సెకను 1969 డిసెంబర్ 31కి చెందినది. కాబట్టి భాగఫలాన్ని కిందివైపుకే సవరించాలి.

భారత కాలాన్ని యూటీసీగా మార్చడానికి 19800 సెకన్లు తీసివేయడం నేటి తేదీలకు సరిపోతుంది. 1942 నుంచి 1945 వరకు యుద్ధకాలంలో మన గడియారాలు ఆరున్నర గంటలు ముందున్నాయి కాబట్టి, పాత రికార్డులకు ఏషియా/కోల్‌కతా పేరిట ఉన్న కాలమండల పట్టికనే సంప్రదించాలి. పుట్టినరోజులను మాత్రం సెకన్లుగా మార్చనే కూడదు: మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30 అవుతుంది, డల్లాస్‌లోని బంధువు తెర మీద పాప పుట్టినరోజు ఒకరోజు ముందే కనిపిస్తుంది.