పాండాస్ వెర్షన్ మార్చాక లెక్క తగ్గుతోందా? స్ట్ర్.రీప్లేస్ లైన్లు సరిచూసే పద్ధతి

తోతాపురి మామిడి సీజన్లో ర్యాంపు (కాయలు కొనే చోటు) దగ్గర కాటా వేసిన ప్రతి బండికీ ఎక్సెల్ షీటులో ఒక వరస. సాయంత్రం ఒక పైథాన్ ప్రోగ్రామ్ ఆ షీటు చదివి ఏ రైతుకి ఎంత రావాలో తేలుస్తుంది. అలాంటి ప్రోగ్రామ్ నడిచే కంప్యూటర్లో పాండాస్‌ని (పైథాన్‌లో పట్టికల లెక్కలకి వాడే లైబ్రరీ) 1.5 నుంచి 2కో 3కో మార్చారనుకోండి. ఎర్రర్ రాదు, రిపోర్టు ఎప్పటిలాగే వస్తుంది, మొత్తం తూకం మాత్రం తగ్గి కనిపిస్తుంది. ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు ఆగి చూస్తారు. ఇక్కడ ఆగే అవసరమే కనబడదు, ఆ రిపోర్టునే నమ్మి రైతుకి డబ్బు కడతారు. అందుకే ఈ మార్పుని తేలిగ్గా తీసుకోకూడదు.

కింద ఫంక్షన్ల పేర్లన్నీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లో మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

అసలు ఏం మారింది

2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0లో గడిలోని మాటలో ఒక భాగాన్ని ఇంకోదానితో మార్చే స్ట్ర్.రీప్లేస్ ఫంక్షన్‌కి రెజెక్స్ అనే సెట్టింగు డిఫాల్ట్ విలువ (మనం ఏమీ రాయకపోతే తీసుకునేది) ట్రూ నుంచి ఫాల్స్‌కి మారింది. అంతకుముందు మీరిచ్చిన మాటని ప్యాటర్న్‌గా, అంటే కొన్ని గుర్తులకి ప్రత్యేక అర్థం ఉన్న నమూనాగా, చదివేది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు అక్షరాలుగా చదువుతుంది. దీంతోపాటే ఇంకో చిన్న మార్పు ఉంది, దీన్ని చాలామంది గమనించరు: పాత వెర్షన్లో ప్యాటర్న్ ఒకే ఒక్క గుర్తు అయితే, రెజెక్స్=ట్రూ అని రాసినా దాన్ని మామూలు అక్షరంగానే తీసుకునేది. 2.0 నుంచి దాన్ని కూడా ప్యాటర్న్‌గానే తీసుకుంటుంది.

తూకం గడిలో "1,250 కేజీలు" అని ఉంది. పాత కోడ్‌లో లైను ఇది:

తూకం.స్ట్ర్.రీప్లేస్("[^0-9.]", "")

1.5లో అంకెలు, చుక్క తప్ప మిగతావన్నీ పోయి 1250 మిగిలేది. 2.0లో "[^0-9.]" అనే ఏడు గుర్తులు వరసగా ఎక్కడున్నాయా అని వెతుకుతుంది. ఎక్కడా ఉండవు కాబట్టి గడి అలాగే ఉండిపోతుంది. తర్వాత లైనులో మాటని అంకెగా మార్చే టు_న్యూమరిక్‌కి ఎర్రర్స్="కోయర్స్" అని ఉంటే, ఆ గడి నాన్ (విలువ లేని గడి) అయిపోతుంది, సమ్ దాన్ని వదిలేసి కూడుతుంది. ఉత్త "980" అని టైపు చేసిన వరసలు మాత్రం సరిగ్గా వస్తాయి. అందుకే మొత్తం సున్నా కాకుండా తగ్గుతుంది.

రెజెక్స్=ట్రూ అని అన్నిచోట్లా తగిలించేయకండి

నెట్‌లో దొరికే సలహా సాధారణంగా ఇదే. వెర్షన్ మార్పుని దాటేస్తుంది గానీ, పాత కోడ్‌లో దాక్కున్న తప్పుల్ని మళ్లీ లోపలికి తెస్తుంది. రేటు లైను చూడండి:

రేటు.స్ట్ర్.రీప్లేస్("రూ.", "")

ప్యాటర్న్‌లో చుక్క అంటే ఏదో ఒక గుర్తు అని అర్థం. గడిలో "రూ.8.50" ఉంటే 8.50 వస్తుంది, బాగానే ఉంది. టైపు చేసినవాళ్లు చుక్క పెట్టకుండా "రూ8.50" అని కొడితే, పాత వెర్షన్ "రూ"తో పాటు పక్కనున్న 8ని కూడా తినేసి .50 మిగుల్చుతుంది. 1,250 కిలోలకి 10,625 రూపాయలు రావాల్సినచోట 625 వస్తుంది. ఇది అప్‌గ్రేడ్ వల్ల వచ్చిన తప్పు కాదు, మొదటినుంచీ ఉన్నదే. కొత్త వెర్షన్‌లో ఆ గడి నాన్ అవుతుంది, అలా అయినందువల్లే పట్టుకునే అవకాశం దొరికింది.

కాబట్టి ప్రతి లైను దగ్గరా ఒక్క ప్రశ్న: ఇక్కడ తీసేయాల్సింది ఫలానా అక్షరాలా, లేక ఒక రకం గుర్తులా? అక్షరాలైతే రెజెక్స్=ఫాల్స్, ప్యాటర్న్ అయితే రెజెక్స్=ట్రూ అని చేత్తో రాసేయండి. డిఫాల్ట్‌కి వదలొద్దు. పై రేటు లైనుకి సరైన రూపం "^రూ\.? *", రెజెక్స్=ట్రూ. అంటే మొదట్లో రూ, చుక్క ఉన్నా లేకున్నా, ఖాళీలు ఎన్ని ఉన్నా. చివర "/-" ఉంటే దానికి "/-$" అని వేరే లైను.

ఒకే గుర్తు ఉన్న లైన్లకి రెజెక్స్=ట్రూ పెడితే మరీ ప్రమాదం. "." ఇచ్చి ఖాళీతో మార్చమంటే కాలమ్ మొత్తం ఖాళీ అవుతుంది. "+" ఇస్తే ఎర్రర్ వచ్చి ఆగుతుంది, అదే నయం. "$" ఇస్తే ఏమీ తీసేయదు. ఫోన్ నంబర్లలో "\+91" అని రాసిన పాత లైన్లు కూడా చూడండి: ఇప్పుడు బ్యాక్‌స్లాష్‌తో సహా వెతుకుతుంది కాబట్టి +91 అలాగే మిగిలి, ఫోన్ నంబరు మీద రెండు షీట్లు కలిపేచోట పేర్లు కలవవు. దీనికి రెజెక్స్ అక్కర్లేదు, స్ట్ర్.రిమూవ్‌ప్రిఫిక్స్("+91") చాలు.

అంకెల కాలమ్‌లకి నా అభిప్రాయం వేరు. అక్కర్లేనివి తీసేయడం కన్నా కావాల్సింది ఏ రూపంలో ఉండాలో చెప్పడం మంచిది. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించారు. అలాంటి సీజన్లో రేటు గడిలో "8+4" అని కొట్టేవాళ్లుంటారు. "[^0-9.]" ప్యాటర్న్ ఆ ప్లస్‌ని తీసేసి రేటుని 84 చేస్తుంది! కామాలు, రూ, కేజీలు, ఖాళీలు తీశాక స్ట్ర్.ఫుల్‌మ్యాచ్("[0-9]+(\.[0-9]+)?") తో చూసి, సరిపోని వరసల్ని విడిగా ఒక షీటులో పెట్టి మనిషి చేత చూపించండి.

స్ట్ర్.కంటైన్స్, స్ట్ర్.ఎక్స్‌ట్రాక్ట్, స్ట్ర్.కౌంట్, ఇవేవీ ఈ విషయంలో మారలేదు, వాటి జోలికి పోవద్దు. మధ్యలో స్ట్ర్ లేని ఉత్త రీప్లేస్ వేరే ఫంక్షన్, అది గడి మొత్తాన్ని పోలుస్తుంది.

పని చేసే వరస

ముందు పాత ఎన్విరాన్‌మెంట్‌ని (పైథాన్, దాని లైబ్రరీలు ఉన్న సెటప్‌ని) చెరపకుండా పక్కన ఉంచండి, పిప్ ఫ్రీజ్ ఇచ్చే లైబ్రరీ వెర్షన్ల జాబితా ఫైల్లో దాచండి. కొత్తగా కట్టుకోవాలంటే పైథాన్ 3.11 ఎంచుకోండి: 1.5.3 అందులో ఎక్కుతుంది, పాండాస్ 3 కూడా 3.11 నుంచే పనిచేస్తుంది. 1.5.3 వేసేటప్పుడు నంపై (పాండాస్ ఆధారపడే లైబ్రరీ) వెర్షన్ 2 కంటే తక్కువ ఉండాలని పిప్‌కి చెప్పాలి. లేదంటే నంపై 2 వచ్చి ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత 1.5.3లోనే ప్రోగ్రామ్‌ని, ఫ్యూచర్‌వార్నింగ్‌ని (తర్వాతి వెర్షన్లో మారబోయేదాని గురించిన హెచ్చరికని) ఎర్రర్‌గా మార్చే డ్యాష్ డబ్ల్యూ ఆప్షన్‌తో నడపండి. రెజెక్స్ రాయని, ప్రత్యేక గుర్తులున్న ప్రతి లైను దగ్గరా ఆగుతుంది. ఫైలు మొదట్లో వార్నింగులన్నీ ఇగ్నోర్ చేయమనే లైను ఉంటే ముందు దాన్ని తీసేయాలి. ఇన్నాళ్లూ ఈ సంగతి కనబడకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

షీటుని డిటైప్=స్ట్ర్ (గడులన్నీ మాటలుగానే) పెట్టి చదవండి. ఎక్సెల్లో కొన్ని గడులు అంకెలుగా, కొన్ని మాటలుగా ఉంటే, అంకెల గడులకి స్ట్ర్ ఫంక్షన్లు నాన్ ఇస్తాయి. ఇక ఒకే రోజు షీటుని రెండు వెర్షన్లలోనూ నడిపి మూడు పోల్చండి: వరసల సంఖ్య, ప్రతి కాలమ్‌లో నాన్‌ల సంఖ్య, మొత్తాలు. అసలు గడిలో ఏదో ఉండి మార్చాక నాన్ అయిన ప్రతి వరసనీ తెర మీదికి తెప్పించండి.

తెలుగు పేర్లున్న కాలమ్

ఊరి పేర్లలో చుక్కలు, కామాలు తీసేయడానికి చాలామంది బ్రాకెట్లో టోపీ గుర్తు, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, బ్యాక్‌స్లాష్ ఎస్ ఉన్న ప్యాటర్న్ (అక్షరాలు, అంకెలు, ఖాళీలు తప్ప మిగతావి తీసెయ్ అని) వాడతారు. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుణింతపు గుర్తుల్ని, పొల్లుని అక్షరాలుగా లెక్కపెట్టదు. దాంతో "చిత్తూరు" కాస్తా "చతతర" అవుతుంది, "తిరుపతి" "తరపత" అవుతుంది. 2.0కి మారాక ఈ లైను ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. రెజెక్స్=ట్రూ పెట్టగానే పేర్లన్నీ మళ్లీ చెడిపోతాయి. ఆ బ్రాకెట్లోనే తెలుగు యూనికోడ్ శ్రేణి, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, చేర్చండి. జీరో విడ్త్ నాన్ జాయినర్ (200సి) కూడా చేర్చాలి. అది తెలుగు శ్రేణిలో లేదు, కానీ పొల్లు విడిగా నిలవాల్సిన మాటల్లో ఉంటుంది.

3కి వెళ్లేముందు

పాండాస్ 3లో మాటల కాలమ్‌ల రకం ఆబ్జెక్ట్ కాదు, స్ట్ర్. "డిటైప్ ఆబ్జెక్ట్ అయితే స్ట్రిప్ చెయ్" అని రాసిన లూపులు ఆ కాలమ్‌లని దాటేస్తాయి. "బంగారుపాళ్యం" ఒక గుంపు, చివర ఖాళీ ఉన్న "బంగారుపాళ్యం " ఇంకో గుంపు అయి రిపోర్టులో ఒకే ఊరు రెండుసార్లు వస్తుంది. ఆ షరతుని పీడీ.ఏపీఐ.టైప్స్‌లోని ఈజ్_స్ట్రింగ్_డిటైప్‌తో మార్చండి. ఆస్‌టైప్(స్ట్ర్) ఇంతకుముందు ఖాళీ గడిని "నాన్" అనే మాటగా మార్చేది, ఇప్పుడు ఖాళీగానే ఉంచుతుంది. ఆ మాటతో పోల్చే లైన్లకి బదులు ఈజ్‌నా వాడాలి. ఒక కాలమ్‌ని తీసి ఇన్‌ప్లేస్=ట్రూతో మార్చే లైన్లు అసలు టేబుల్‌ని ఇక తాకవు, ఫలితాన్ని మళ్లీ ఆ కాలమ్‌కే ఇవ్వండి.

నేరుగా 3కి దూకకుండా 2.3లో ఆగి, పాండాస్ 3 మాటల రకాన్ని ముందే తెచ్చే ఫ్యూచర్.ఇన్ఫర్_స్ట్రింగ్ ఆప్షన్‌ని ట్రూ చేసి అదే షీటుతో మళ్లీ ఆ మూడు పోలికలూ చేయండి. రెండు రిపోర్టులూ పైసాతో సహా కలిశాక, తేడా వచ్చిన ప్రతి వరసకీ కారణం దొరికాక, అప్పుడు కాటా దగ్గరున్న కంప్యూటర్లో మార్చండి.