తుమ్మెద నడుము దగ్గర నల్లులు కనిపిస్తే ఏం చేయాలి?

ఎండు వెదురులోనూ, పాత దూలాల్లోనూ తొర్రలు తొలుచుకొని బతికే పెద్ద నల్ల తుమ్మెద ఒంటి మీద నల్లులు (మంచపు నల్లులు కావు, మైట్స్ అనే అతి చిన్న జీవులు) కనిపిస్తే దానికి జబ్బు చేసిందని అనుకోవడం సహజం. మిరపకు నల్లి పట్టగానే మందు డబ్బా కోసం వెతికే వరంగల్ వైపు ఆ అనుమానం మరీ సహజం. అయితే ముందుగా తెలుసుకోవలసింది ఆ నల్లులు ఒంట్లో ఎక్కడ ఉన్నాయన్నది.

బతుకమ్మ రోజుల్లో ఉదయం పూట తంగేడు చెట్టు దగ్గర నిలబడితే పని సులువవుతుంది. తంగేడు పుప్పొడి చిన్న రంధ్రాల గుండానే రాలుతుంది కనుక, తుమ్మెద పువ్వును పట్టుకొని జుమ్మని అదిలించి దాన్ని దులుపుకుంటుంది. పుప్పొడి పోగుచేసేవి ఆడవే. మనం చూడవలసినవీ అవే. వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన సీసాను పువ్వు మీద బోర్లించి, కింద నుంచి అట్టముక్క జరిపి మూయాలి. చేత్తో మాత్రం పట్టుకోరాదు, ఆడ తుమ్మెద నొక్కితే కుడుతుంది. సీసాను మంచుముక్కల మధ్య కొద్ది నిమిషాలు ఉంచితే అది మందగిస్తుంది.

ఇప్పుడు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో ఛాతీ, పొట్ట కలిసే చోట చూడాలి. చాలా జాతుల ఆడ తుమ్మెదలకు పొట్ట మొదటి ఖండం ముందువైపున నల్లులు దాగే చిన్న సంచి ఉంటుంది. ఆ నల్లులు తల్లితోపాటు గూటికి చేరి, పిల్ల గదుల్లో పెరిగి, కొత్త తుమ్మెదలతో మళ్లీ బయటికి వస్తాయి. సంచి చుట్టుపక్కల పాలిపోయిన రంగు నల్లులు గుమిగూడి ఉంటే కంగారు పడనక్కరలేదు. శ్రావణంతో వాటిని పీకడం మాత్రం తప్పు. కీలు దెబ్బతింటే నష్టం నల్లుల వల్ల కాదు, మన వల్ల జరుగుతుంది.

హిమాలయాల్లో ఉండే బంబుల్‌బీ (ఒంటి నిండా నూగు ఉండే, తేనెటీగకు దగ్గరి చుట్టం) రాణుల సంగతి కూడా కొంతవరకు ఇలాంటిదే. చలికాలం నేలలో ఒంటరిగా నిద్రించి లేచిన రాణి వీపు మీద కనిపించే గోధుమరంగు నల్లులు చాలావరకు కొత్త గూటికి చేరడానికి ఎక్కిన ప్రయాణికులే. అసలు హాని లోపల ఉంటుంది: శ్వాసనాళాల్లో నివసించే లోకుస్టాకారస్ నల్లి, శరీరంలోకి చేరి రాణి గూడు కట్టకుండా చేసే స్ఫెరులేరియా అనే నులిపురుగు. తోటి రాణులు గూళ్లు కడుతున్నా ఇంకా నేలకు దగ్గరగా ఎగురుతూ మట్టిని వెతుకుతున్న రాణిని అనుమానించాలి గాని, వీపు మీది నల్లులను లెక్కపెట్టి ఒక నిర్ణయానికి రాకూడదు.

చూడడం పూర్తయ్యాక తుమ్మెదను పట్టిన తంగేడు మీదనే, ఎండ తగిలే కొమ్మపై వదలాలి; వేడెక్కిన తరువాత అదే ఎగిరిపోతుంది.